పింగాణి బొమ్మకు వెల కట్టడం

పాత వస్తువులకు వెల కట్టే విద్య శ్రీమంతుల కాలక్షేపమనీ, చరిత్ర చదివేవారికి దానితో పనిలేదనీ మన మిత్రుల్లో ఒక అభిప్రాయం ఉంది. నేను దానితో ఏకీభవించను. 1717లో సాక్సనీ ప్రభువు అగస్టస్ తన సైనికులను 600 మందిని ప్రష్యా రాజుకు అప్పగించి, బదులుగా 151 చైనా పింగాణి పాత్రలు పుచ్చుకున్నాడు. అంటే పాత్ర ఒక్కింటికి ఇంచుమించు నలుగురు మనుషులు! వెల కట్టడమంటే ఏమిటో భూస్వామ్య ప్రభువులకు బాగానే తెలుసు. ఆ లెక్కలు తిరగేసి చదవడం మనం నేర్చుకోవాలి.

ఈ అగస్టసే 1710లో మైసెన్‌లో కార్ఖానా పెట్టించాడు. అక్కడి బొమ్మలు ఐరోపా దివాణాలన్నిటికీ అలంకారమైనాయి. మన హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ ఇటువంటివి విస్తారంగా సేకరించాడు. ఆయన 1949లో చనిపోయాడు. ఆ సేకరణ 1951 డిసెంబరు 16న మ్యూజియమై ప్రజల కళ్లబడింది. నవాబుల అభిరుచిని జిల్లాల్లోని దొరలు అనుకరించారంటే ఆశ్చర్యం లేదు. గడీలు కూలిన తర్వాత వాటి సామాను చెల్లాచెదరైంది. ఇప్పుడు జనగామ, మానుకోట ప్రాంతాల్లో ఏ పింగాణి బొమ్మ బయటపడినా "గడీది సార్" అనడం పరిపాటి అయింది.

జనగామలో ఒక ఇంట నేను చూసినది గొర్రెలు కాచే పడుచు బొమ్మ. దీపానికి అడ్డుపెడితే పలుచటి చోట్ల వెలుగు దిగింది. గోటితో మీటితే ఖంగుమంది. కనుక అసలు పింగాణే. పావడా అంచుకు జాలరు అల్లిక ఉంది. నిజమైన నూలు జాలరును పింగాణి మన్ను కలిపిన ద్రవంలో ముంచి, బొమ్మకు అతికించి కాలుస్తారు. బట్టీలో నూలు బూడిదవుతుంది, అల్లిక రూపం మిగులుతుంది. ఇంత నాజూకైన పని ఎవరి చేతులది? బొమ్మ అడుగున రెండు కత్తుల గుర్తు ఉంది. అది మైసెన్ గుర్తు. కాని మైసెన్‌వారు ఆ నీలి గుర్తును మెరుగు పూత కింద వేస్తారు. ఇక్కడ పూత మీదే వేశారు, వేలికి తగులుతున్నది. తురింగియా కార్ఖానాల్లో ఇటువంటి అనుకరణలు చాలా జరిగాయి. పక్కన "జర్మనీ" అని ఇంగ్లీషులో ఉంది. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా చట్టం చేసి, 1891 నుంచి అమలు జరిపింది. అప్పటినుంచే ఇటువంటి ముద్ర వ్యాప్తిలోకి వచ్చింది. ఒక చేతి వేళ్లు విరిగాయి కూడా. ఇంటివారు ఆశించిన వెల రాదని చెప్పక తప్పలేదు.

మానుకోటలో మరొకరు "తాతల నాటి గడీ బొమ్మ" అని చూపించారు. అడుగున "ఆక్రమిత జపానులో తయారైనది" అన్న ముద్ర! ఆ ముద్ర అమెరికా సైన్యం జపానును ఏలిన కాలంలో, 1947 మొదలు 1952 దాకా పడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపిననాటికి ఈ బొమ్మ పుట్టనేలేదు. పోలీసు చర్య తర్వాత తిరిగి వచ్చిన దొర ఎవరైనా కొన్నాడేమో అనవచ్చు; అది ఊహ, సాక్ష్యం కాదు. దొరల మీద మనకు ఎంత కోపమున్నా, ముద్ర చెప్పని మాట మనం చెప్పించరాదు. భూపాలపల్లిలో ఒక బొగ్గుగని కార్మికుని ఇంట చూసిన కుక్క బొమ్మ అసలు పింగాణే కాదు. మెరుగు పూసిన మామూలు మట్టి.

ఇంతవరకు వ్యాపారి కూడా చెప్పగలడు. అక్కడ ఆగిపోతే మన పని సగమే అయినట్టు. మార్క్స్ "కాపిటల్" మొదటి సంపుటంలో ఇంగ్లండు కుండల కార్ఖానాల పిల్లవాడు విలియం వుడ్ కనిపిస్తాడు. ఏడేళ్ల పది నెలల వయసున పనిలో చేరి, ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా అచ్చులు మోశాడు. అతనికి ఆ చాకిరీకి కూలి అన్న పేరుతో ఏదో కొంత ముట్టింది.

మన పల్లెలో కుమ్మరికి అదీ లేదు. సారె తిప్పి, వాము కాల్చి, గడీకీ ఊరికి వచ్చే అధికారులకూ కుండలు వెట్టిగా ఇచ్చుకోవాలి. జనగామ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అటువంటి దొర ఇంటికి సముద్రం దాటి వచ్చే మట్టికి రొక్కం. పక్క వాడనుంచి వచ్చే మట్టికి సున్న. ఆ రొక్కమైనా రైతు కట్టిన కౌలునుంచీ, అప్పు ధాన్యం మీది నాగునుంచీ పుట్టిందే గదా! కుండ అడుగున ముద్ర ఉండదు. పగిలితే పెంటలో కలిసిపోతుంది. అందుచేత దానికి వెల కట్టాలంటే మనుషులనే అడగాలి.

జనగామ దగ్గరి ఒక పల్లెలో ఇద్దరు ముసలి కుమ్మరులను అడిగాను. తన తండ్రి ఏటా పండుగకు రెండు బండ్ల కుండలు గడీకి తోలేవాడని ఒకరన్నారు. ఒక్క బండే అన్నారు రెండవవారు. ఈ సంగతి మీద వారిద్దరూ నా ఎదుటే చాలాసేపు వాదులాడుకున్నారు. డబ్బు ముట్టలేదన్న మాట మీద మాత్రం వారికి పేచీ లేదు.