నాటకమును చూచుట ఎట్లు?

నాటకము చదువుటకా, చూచుటకా అను ప్రశ్న మనకు పాతదే. అయినను మన విమర్శ గ్రంథములను తిరుగవేసినచో, అందలి పరిభాషలో ఎక్కువ పాలు చదువరి కొరకే పుట్టినట్లు కనబడును. పదవ శతాబ్దిలో ధనంజయుడు దశరూపకమున వస్తువు, నేత, రసము అను మూడింటిని పేర్కొనెను. నాటకము, ప్రకరణము, ప్రహసనము మున్నగు రూపకములు ఒకదానినుండి మరియొకటి ఎట్లు వేరగునో తెలుపుటకు ఆయన చెప్పిన మాట అది. దానినే మనము నాటకమునకు విలువ కట్టు త్రాసుగా చేసికొంటిమి.

కథను విడదీసి చూచుటకు ముఖము మొదలు నిర్వహణము వరకు ఐదు సంధులు కలవు. బీజమెక్కడ పడినది, ఎక్కడ మరుగుపడినది, ఎక్కడ ఫలించినది అని అడుగుట నేటికిని మంచి పద్ధతియే. గ్రీకు దేశపు అరిస్టాటిలు సైతము కథా సంవిధానమునకే పెద్దపీట వేసి, కంటికి కనబడు దృశ్యమును చివర కూర్చుండబెట్టెను.

అయితే ఏ నాటకమును గూర్చి మాటలాడుచున్నాము? కన్యాశుల్కమును తీసికొందము. అది మొదట విజయనగరమున ప్రదర్శింపబడినది 1892లో. అచ్చయినది 1897లో. గురజాడ దానిని ఎంతో పెంచి, మార్చి మరల ప్రకటించినది 1909లో. నేడు మనము చదువుచున్నది, మెచ్చుకొనుచున్నది ఈ కడపటి గ్రంథము. విజయనగరపు ప్రేక్షకులు 1892లో చూచినది ఇది కాదు. ఈ గ్రంథమునైనను పూర్తిగా ఆడుట ఒక రాత్రికి మించిన పని కనుక, ఆడువారు కొంత విడిచి, కొంత కుదించి ఆడుదురు. గ్రంథమొకటి, ప్రదర్శనము వేరొకటి. ఈ భేదమును గుర్తింపనిచో పరిశీలనము మొదటి మెట్టుననే జారును.

ప్రదర్శనమును విడదీయుటకు భరతుడు నాలుగు అభినయములను చెప్పెను: అంగములతో ఆంగికము, మాటతో వాచికము, వేషముతో ఆహార్యము, మనఃస్థితితో సాత్త్వికము. రేడియో నాటకము వినువారికి వీని తేడా చక్కగా తెలియును. అచ్చట కిరీటము లేదు, కనుబొమ లేదు; గొంతు వణుకులోననే సాత్త్వికమంతయు ఇమడవలెను.

కాని మన విమర్శకులు తక్కువగా తెరచిన పుట మరియొకటి కలదు. నాట్యశాస్త్రపు ఇరువదియేడవ అధ్యాయము సిద్ధిని గూర్చినది, అనగా ప్రదర్శనము ఫలించినదా లేదా అని ప్రేక్షకుని బట్టి నిర్ణయించుట. చిరునవ్వు, పెద్దనవ్వు, బాగుబాగనుట, పులకించుట, లేచి నిలుచుట, వస్త్రములను ఉంగరములను విసరుట, ఇవన్నియు అచ్చట లెక్కకు వచ్చును. సభ నిండియుండి చప్పుడు లేకున్నచో అది దైవికమైన సిద్ధి. నటుడు మాట మరచుట, ఆభరణము జారిపడుట ఘాతములు. తీర్పరులలో వైయాకరణునితో పాటు విలుకాడు, చిత్రకారుడు, వేశ్య కూడ ఉందురు. ఎవరికి తెలిసినది వారు చూతురు.

ఇప్పుడు హైదరాబాదు నుండి నాగార్జునసాగరు పోవు దారిలో, ఇబ్రహీంపట్నమునకు ఇవతలనున్న మన్నెగూడ వంటి ఊరిలో ఒక రాత్రి బాగోతము ఆడుచున్నారనుకొందము. ఇద్దరు తెర పట్టుదురు. పాత్ర ప్రవేశదరువు పాడి తన పేరు తానే చెప్పుకొనును. చదువరికి ఇది అనవసరము. చీకటిలో దూరమున కూర్చున్నవానికి, ఆలస్యముగా వచ్చినవానికి అత్యవసరము. కథ అందరికిని తెలిసినదే కనుక తరువాత ఏమగునను ఆతురత ఉండదు. ఈ వేషగాడు దానిని ఎట్లు నిలుపునో చూడవలెనను ఆతురత ఉండును. సంధులతో మాత్రమే కొలిచి ఈ ఆటను మోటదనిన పండితులు తప్పు కొలతతో కొలిచిరని మా అభిప్రాయము. నడుమ ఆట ఆపి చదివింపులు చదువుట రసభంగమనువారు భరతుడు చెప్పిన ఉంగరములను తలచుకొనవలెను. పద్యనాటకములోని వన్స్‌మోరు సంగతి వేరు. చచ్చిన పాత్ర లేచి మరల పద్యమందుకొన్నచో అది సిద్ధి యగునా, ఘాతమగునా? మేము ఘాతమనియే అందుము; చప్పట్లు కొట్టినవారు ఒప్పుకొనరు.

ఈ చూపు లేకపోవుటచే నష్టపోయినది చిందు యక్షగానము. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసినది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినది. యక్షగానముల దరువులు, పద్యములు కొన్ని పుస్తకములలో దొరకును. కొయ్య కిరీటము, భుజకీర్తులు తాల్చిన దేహము మద్దెల దెబ్బకు ఎట్లు తిరిగినదో వానిలో దొరకదు. హాస్యగాని మాటలు అంతకన్నను దొరకవు. అవి ఆ ఊరి పటేలును, పట్వారీని, ఆ ఏటి వానను చూచి ఆ రాత్రికి పుట్టినవి.