హొమారె సావా

హొమారె సావా (జననం: 1978 సెప్టెంబరు 6, ఫుచు, టోక్యో) జపాన్‌కు చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారిణి, మిడ్‌ఫీల్డర్. 1993 డిసెంబరులో, 15 ఏళ్ల వయసులో, ఫిలిప్పీన్స్‌పై తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడి నాలుగు గోల్స్ చేసింది. జాతీయ జట్టు తరఫున 205 మ్యాచ్‌లలో 83 గోల్స్ సాధించింది. 1995 నుంచి 2015 వరకు ఆరు ప్రపంచకప్‌లలో, నాలుగు ఒలింపిక్స్‌లలో పాల్గొంది.

క్లబ్ స్థాయిలో యోమియురి బెలెజా జట్టుతో మొదలై, అమెరికాలో అట్లాంటా బీట్, వాషింగ్టన్ ఫ్రీడమ్ జట్లకు, 2011 నుంచి ఐనాక్ కోబెకు ఆడింది. బంతిని చేజిక్కించుకోవడం, దాడులను నిర్మించడం, గోల్స్ చేయడం మూడూ ఆమె ఆటలో కలిసి ఉండేవి.

2011 ప్రపంచకప్‌లో జపాన్‌కు సారథ్యం వహించింది. జులై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెరికాతో జరిగిన ఫైనల్ 117వ నిమిషంలో, సహచర క్రీడాకారిణి అయా మియామా కొట్టిన కార్నర్‌కు దగ్గరి గోల్‌స్తంభం వైపు దూసుకెళ్లి, పాదం అంచుతో బంతిని మళ్లించి స్కోరును 2-2గా సమం చేసింది. పెనాల్టీ షూటౌట్‌లో జపాన్ 3-1తో నెగ్గి, ఈ కప్పు గెలిచిన తొలి ఆసియా జట్టయింది. ఐదు గోల్స్‌తో సావాకు గోల్డెన్ బూట్, ఉత్తమ క్రీడాకారిణిగా గోల్డెన్ బాల్ దక్కాయి. అదే ఏడాదికి ఫిఫా ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం కూడా లభించింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులో సభ్యురాలు. 2015 డిసెంబరులో ఆటకు వీడ్కోలు పలికింది.