పింగాణి పాత్ర చెప్పే చరిత్ర

బాగేపల్లి మీదుగా సాగే రహదారికి ఒక కొసన హైదరాబాదు, మరొక కొసన బెంగుళూరు ఉన్నాయి. బెంగుళూరు చేరకముందే వచ్చే దేవనహళ్ళి టిప్పు సుల్తాన్ జన్మస్థలం. ఆయన రాయబారులు 1788 ఆగస్టు 10వ తేదీన వెర్సాయ్ ప్రాసాదంలో ఫ్రాన్సు రాజు పదహారవ లూయీని దర్శించారు. వారు ఆశించిన సైనిక సహాయం లభించలేదు. రాజు మాత్రం సెవ్ర్ కర్మాగారంలో తయారైన పింగాణి పాత్రలను కానుకగా ఇచ్చి పంపాడు. 1799లో శ్రీరంగపట్నం పతనమైనపుడు కోటలోని సంపద విజేతల పాలైంది. అటువంటి వస్తువులు చేతులు మారే కొలది వాటి కథ మరుగున పడుతుంది. ఆ కథను తిరిగి తెలుసుకోవడానికి పాత్రపై ఉన్న ఆనవాళ్ళే ఆధారం.

పింగాణి చీనా దేశపు సృష్టి. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలోను, విజయనగర రాజధాని హంపిలోను చీనా పింగాణి పెంకులు తవ్వకాలలో లభించాయి. ఆ విద్య ఐరోపావారికి చాలాకాలం అంతుపట్టలేదు. జర్మనీలోని మైసెన్‌లో 1710లో కర్మాగారం వెలసిన తరువాతనే అక్కడ అసలైన పింగాణి ఉత్పత్తి స్థిరపడింది. పద్దెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లండులో ఎముకల బూడిద కలిపి ‘బోన్ చైనా’ను రూపొందించారు. చీనావారి తేనీటి గిన్నెలకు పిడి ఉండేది కాదు. పిడి గల కప్పు ఐరోపావారి అలవాటు నుండి వ్యాప్తిలోకి వచ్చింది.

పాత తేనీటి సెట్టును పరిశీలించేవారు మొదట కప్పును వెలుతురుకు ఎదురుగా పట్టి, లోపల వ్రేళ్ళు ఆడించాలి. పలుచని పింగాణి గుండా వ్రేళ్ళ నీడ కనబడుతుంది; మామూలు మట్టిపాత్రలో కనబడదు. గోటితో మెల్లగా మీటినపుడు గంటవలె మ్రోగితే పాత్ర గట్టిది. బొంగురుగా పలికితే పగులు ఉన్నదేమో చూడాలి. చిత్రం చేతితో వేసినదైతే కుంచె గీతలలో తేడాలు ఉంటాయి. అచ్చుతో అద్దినదైతే అంచుల వద్ద అతుకు కనబడవచ్చు.

తరువాత పాత్రను బోర్లించి అడుగుభాగం చూడాలి. వజ్రాకారపు ముద్ర ఉంటే, ఆ నమూనా 1842–1883 నడుమ ఇంగ్లండులో నమోదైనదని అర్థం. అమెరికా చట్టం కారణంగా 1891 నుండి ఎగుమతి సరకుపై దేశనామం వేయడం వాడుకైంది. ‘నిప్పాన్’ అని ఉంటే సాధారణంగా 1891–1921 నడుమ జపానులో తయారైనది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండవ ప్రపంచ యుద్ధానంతరం 1952 వరకు గల కాలానిది. అయితే ముద్రను మాత్రమే నమ్మరాదు. సెవ్ర్ వారి జోడు ‘ఎల్’ అక్షరాలను పందొమ్మిదవ శతాబ్దిలో విరివిగా అనుకరించారు. చీనా కుమ్మరులు సైతం పూర్వ చక్రవర్తుల నామాలను తమ పాత్రలపై వ్రాసేవారు. మట్టి, రూపం, చిత్రం, ముద్ర నాలుగూ ఒకే మాట చెప్పినపుడే కాలనిర్ణయం సాధ్యం.

విలువ విషయంలోనూ వయస్సు ఒక్కటే ప్రమాణం కాదు. సెట్టు పూర్తిగా ఉన్నదా, పగుళ్ళు, అతుకులు, రంగు పోయిన చోట్లు ఉన్నాయా, తయారీ ఎంత శ్రేష్ఠమైనది, ఎవరి నుండి సంక్రమించింది అనే అంశాలన్నీ లెక్కకు వస్తాయి. ఇత్తడి బిందె తోమినట్లు చింతపండుతో, బూడిదతో తోమితే మెరుగుపై వేసిన బంగారు గీత చెరిగిపోతుంది. దానితోపాటు విలువా తగ్గుతుంది. పాత సామానుల వర్తకుడు చెప్పిన మొదటి ధరకే తల ఊపి, ఆనక పశ్చాత్తాపపడడం కంటె ముందుగా తెలిసినవారికి చూపడం మేలు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన కళావస్తువులను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే విదేశాలకు పంపరాదు.

పోల్చి చూడదలచినవారికి రహదారి రెండవ కొసన, హైదరాబాదులో, 1951 డిసెంబరు 16న ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. చీనా, జపాను, ఐరోపా పింగాణులను అక్కడ ఒకే కప్పు క్రింద చూడవచ్చు. ఇంటిలోని పాత కప్పు అంతటి అపురూపమైనది కాకపోవచ్చు. అయినను దానిని ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో తెచ్చారో పెద్దలు జీవించి ఉండగానే అడిగి, ఒక కాగితంపై వ్రాసి సెట్టుతోపాటు భద్రపరచడం విద్యార్థులు చేయదగిన పని. అడుగున ఉన్న ముద్రను ఎప్పుడైనా చదువుకోవచ్చు. పెద్దల నోటి మాటను మాత్రం వారు ఉండగానే వినాలి.