దుమ్ముగూడెం భాషాచరిత్ర: కోయ, తెలుగు, ఇంగ్లీషుల వరుసక్రమం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గోదావరి ఎడమగట్టున ఉన్న దుమ్ముగూడెం ప్రాంతానికి ఇంగ్లీషు భాషతో నూట అరవై ఏళ్లకు పైబడిన సంబంధం ఉంది. అయినా ఇక్కడి కోయ విద్యార్థికి ఇంగ్లీషు నేటికీ అందనంత దూరంలోనే ఉంది. ఆనకట్ట నిర్మాణకాలం నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాల దాకా ఈ ప్రాంతంలో భాషాభ్యసనం నడచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రథమ, ద్వితీయ, తృతీయ భాషలని విద్యావ్యవస్థ వేసిన లెక్కలో కోయభాషకు స్థానం లేకపోవడమే ఇంగ్లీషు అభ్యసనానికి కూడా అవరోధమవుతున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దుమ్ముగూడెం, కోయభాష, ద్వితీయ భాష, మాతృభాషా బోధన, ఇంగ్లీషు మాధ్యమం.

1. ఉపోద్ఘాతం:

భాషాబోధన శాస్త్రంలో ద్వితీయ భాష, విదేశీ భాష అనే రెండు పారిభాషిక పదాలు ఉన్నాయి. తరగతి గది దాటిన తరువాత కూడా చుట్టూ వినిపించి, నిత్యవ్యవహారంలో అవసరపడేది ద్వితీయ భాష. తరగతి గదికే పరిమితమయ్యేది విదేశీ భాష. ఉపాధికోసం అమెరికాకు వలస వెళ్లిన తెలుగువారు అక్కడి కమ్యూనిటీ కళాశాలల్లో నేర్చుకొనే ఇంగ్లీషు మొదటి కోవకు చెందుతుంది. పాఠంలో విన్న మాట బజారులోనూ, బస్సులోనూ మళ్లీ వినబడుతుంది. భద్రాచలం మన్యంలోని కోయ విద్యార్థి స్థితి వేరు. బడి దాటగానే అతనికి వినిపించేవి కోయ, తెలుగు. కాని అతని చదువు, ఉద్యోగం ఇంగ్లీషు మీదనే ఆధారపడుతున్నాయి. వినికిడిలో విదేశీ భాషగా ఉన్నది అవసరంలో ద్వితీయ భాష అయింది. ఈ వైరుధ్యానికి చారిత్రక మూలాలున్నాయి.

2. ఆనకట్ట, మిషన్, కోయభాష:

1860లో నిజాం ప్రభుత్వంతో జరిగిన ఒడంబడిక వలన గోదావరి ఎడమగట్టు ప్రాంతం బ్రిటిష్ పాలనలోకి వచ్చి, కొద్దికాలానికి మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగా ఏర్పడింది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, మధ్యభారతపు పత్తిని నదీమార్గంలో సముద్రతీరానికి చేర్చాలనే ఆశయంతో ఎగువ గోదావరి పనులు సాగాయి. నదిలోని రాతిబండలను తప్పించి పడవలు నడపడానికి దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ, లాకులు వెలిశాయి. 1871లో ప్రభుత్వం ఈ పథకాన్ని విరమించుకొంది. ఆనకట్ట మాత్రం నిలిచి ఉంది.

ఈ పనులను పర్యవేక్షించిన సైనిక ఇంజనీరు ఫెలిక్స్ థాకరే హేగ్ చొరవతోనే చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషన్ దుమ్ముగూడెంలో మొదలైంది. తరువాత ఇక్కడ పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్, 1876 నుంచి 1881 వరకు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వరుస వ్యాసాలు ప్రచురించాడు. కోయల ఆచారాలు, నమ్మకాలు, భాష వాటిలో నమోదయ్యాయి. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాలలోని కోయల ప్రకరణం చాలావరకు కెయిన్ రాతల మీదనే ఆధారపడింది. మిషన్ వర్గాల కృషి వలన లూకా సువార్త కోయభాషలోకి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. దుమ్ముగూడెంలో ఇంగ్లీషు, కోయభాషలు తొలిసారి ఎదురుపడినప్పుడు అభ్యాసకుడి స్థానంలో కూర్చున్నవాడు కోయవాడు కాదు, ఆంగ్లేయుడు. మతప్రచారం అతని లక్ష్యం. అందుకోసం వినేవారి భాషను ముందుగా తాను నేర్చుకోక తప్పలేదు. ఆ శ్రమ ఫలితం మాత్రం కోయవారికి పెద్దగా దక్కలేదు. కోయల గురించిన జ్ఞానం ఇంగ్లీషులో చేరింది. ఇంగ్లీషులోని జ్ఞానం కోయలోకి రాలేదు. ఒక భాషను వర్ణించడం వేరు, ఆ భాషలో చదువు చెప్పడం వేరు.

3. పాలనామార్పులు – తెలుగు ప్రాబల్యం:

1874లో ఈ ప్రాంతం మధ్యపరగణాల నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. తరువాత తూర్పుగోదావరిలో భాగమైంది. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ కాగా, దుమ్ముగూడెం, చర్ల తెలంగాణలో మిగిలాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఒకే భాష మాట్లాడే గూడేలు నేడు రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు ఛత్తీస్‌గఢ్, ఒడిశాలలో కూడా ఉన్నాయి.

ఇన్ని సరిహద్దులు మారినా కచేరీలోనూ, సంతలోనూ, బడిలోనూ తెలుగు ప్రాబల్యం పెరుగుతూనే వచ్చింది. 2011 జనగణనలో కోయ మాట్లాడేవారి సంఖ్య 4 లక్షలకు పైగా నమోదైంది. కోయ తెగలో తెలుగునే మాతృభాషగా చెప్పుకొనేవారూ ఉన్నారు. ఇంట్లో ఏ భాష మాట్లాడినా పలక మీద దిద్దేది తెలుగు అక్షరమే. అందువలన కోయపిల్లకు బడిలో ఎదురయ్యే మొదటి పరభాష తెలుగే.

4. లెక్కలో లేని భాష:

తెలంగాణలో పదవ తరగతి పరీక్షలో తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయ భాష, ఇంగ్లీషు తృతీయ భాష. ఇంటర్మీడియట్‌కు రాగానే ఇంగ్లీషు మొదటి భాగమవుతుంది, తెలుగు ద్వితీయ భాషగా మారుతుంది. రెండు వేసవి నెలల్లో ఇంగ్లీషు మూడవ స్థానం నుంచి మొదటి స్థానానికి ఎగబాకుతుంది. విద్యార్థి ప్రావీణ్యం అంత వేగంగా పెరగదు. భద్రాచలంలో డిగ్రీ తరగతికి చేరిన విద్యార్థి ఇంగ్లీషులో తడబడితే, ఆ లోపాన్ని అతనికే ఆపాదించడం పరిపాటి.

కోయ మాతృభాషగా గల విద్యార్థి వైపు నుంచి చూస్తే ఈ వరుస మరింత విచిత్రంగా ఉంటుంది. అతని అసలు ప్రథమ భాషకు ఎక్కడా అంకె లేదు. ప్రథమ భాష అని పిలవబడుతున్నది అతనికి రెండవది. తృతీయ భాష అని పిలవబడుతున్న ఇంగ్లీషు నిజానికి నాలుగవది.

దీని పర్యవసానం వ్యాకరణంలో స్పష్టంగా కనిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల లింగవ్యవస్థలను వర్గీకరిస్తూ తెలుగును ఒక వర్గంలోనూ, కోయ చేరే గోండీ కుటుంబాన్ని మరొక వర్గంలోనూ ఉంచారు. తెలుగు బహువచనంలో స్త్రీపురుషులిద్దరికీ ‘వారు’, మనుషులు కానివాటికి ‘అవి’. గోండీ కుటుంబంలో బహువచనంలో కూడా పురుషులకు ఒక రూపం, స్త్రీలకూ పశువులకూ వస్తువులకూ కలిపి మరొక రూపం ఉంటాయి. ఇంగ్లీషులో అందరికీ, అన్నిటికీ ‘దే’ అనే ఒక్క మాటే చాలు. ఏకవచనంలో తెలుగు, కోయ దగ్గరవుతాయి. ‘అమ్మ వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అన్నప్పుడు క్రియ ఒకటే. ఇంగ్లీషు అక్కడ ‘షి’, ‘ఇట్’ అని వేరుచేస్తుంది.

అంటే కోయ విద్యార్థి ఒకే లోకాన్ని మూడు రకాలుగా విభజించడం నేర్చుకోవాలి. తెలుగు పిల్లల పొరపాట్లను దృష్టిలో ఉంచుకొని తయారైన బోధన ఇతనికి సగమే ఉపయోగపడుతుంది. ఇతని పొరపాటు ఇంగ్లీషు రాకపోవడం వలన కలిగిందా, తెలుగు మీదుగా ఇంగ్లీషు నేర్చుకోవడం వలన కలిగిందా అన్నది కోయ తెలిసిన ఉపాధ్యాయుడే పసిగట్టగలడు.

5. ప్రయత్నాలు – ఆటంకాలు:

ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం నిర్దేశిస్తుంది. సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన సాగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ విభాగం చెబుతుంది. ఈ చట్టానికి ముందే, 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహుభాషా విద్యా కార్యక్రమాన్ని ప్రారంభించింది. కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితో వాచకాలు వెలువడ్డాయి. పిల్లలు తమ భాషలో చదవడం మొదలుపెట్టి క్రమంగా తెలుగుకు, ఇంగ్లీషుకు చేరాలన్నది దాని ఉద్దేశం. వరుస సరైనదే. దానిని నిలబెట్టడానికి కోయ తెలిసిన ఉపాధ్యాయులు కావాలి.

షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులను పూర్తిగా స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వెలువడిన మూడవ నంబరు ఉత్తర్వు ఈ అవసరాన్ని కొంత తీర్చగలిగేది. నూటికి నూరుశాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిని కొట్టివేసింది. ఉత్తర్వుపై చర్చ ప్రధానంగా ఉద్యోగాల చుట్టూ సాగింది. బడిలో పిల్లల భాష తెలిసినవారు ఉండటమనే ప్రశ్న వెనుకబడింది.

2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. దానితోపాటే ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలిసిన భాష ఆసరాతో తెలియని భాషను అందుకోవాలనే సూత్రాన్ని ప్రభుత్వమే అంగీకరించిందనడానికి ఈ పుస్తకం నిదర్శనం. దుమ్ముగూడెం మండలంలోని కోయగూడెంలో ఆ పుస్తకం తెరిచిన ఆరేళ్ల పిల్లకు రెండు పుటలూ పరభాషలోనే ఉంటాయి.

6. ముగింపు:

ఇంగ్లీషు వద్దనడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. గిరిజన తల్లిదండ్రులు ఇంగ్లీషు చదువు కోరడం న్యాయమే. పట్టణాల పిల్లలకు అందే అవకాశం మన్యం పిల్లలకు అందకూడదనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఇంగ్లీషుకు దారి కోయను దాటవేయడం ద్వారా ఏర్పడదు. కోయ వాచకాలను పునరుద్ధరించడం, ఉపాధ్యాయ శిక్షణలో కోయభాషా పరిచయాన్ని చేర్చడం, కళాశాల స్థాయి ఇంగ్లీషు పాఠాలలో కోయ, తెలుగు, ఇంగ్లీషు నిర్మాణాలను పోల్చి చూపడం తక్షణం చేయదగిన పనులు. వీటికి కావలసిన భాషావర్ణన కెయిన్ కాలం నుంచి కృష్ణమూర్తి వరకు ఎంతో కొంత సిద్ధంగానే ఉంది.

నూట అరవై ఏళ్ల క్రితం దుమ్ముగూడెం వచ్చిన ఆంగ్లేయులు, తమ మాట వినిపించాలంటే ముందు కోయ నేర్చుకోవాలని గ్రహించారు. నేడు అదే ఊళ్లో ఇంగ్లీషు చెప్పదలచిన విద్యావ్యవస్థ ఆ మొదటి పాఠాన్ని ఇంకా నేర్చుకోవలసి ఉంది.