స్నానాల గదిలో కరువు

1976 ఆగస్టు నెలాఖరు. బర్మింగ్‌హామ్‌లోని తన ఇంటికి విలేకరులను పిలిచి, నీళ్లు ఆదా చేయడానికి తానూ తన భార్య బ్రెండా ఒకే తొట్టిలో స్నానం చేస్తున్నామని చెప్పేశాడు ఒక బ్రిటిష్ మంత్రి. ఆయన పేరు డెనిస్ హోవెల్. క్రీడల శాఖ చూసేవాడు, ఒకప్పుడు ఫుట్‌బాల్ రిఫరీ. కరువు ముదిరేసరికి ప్రధాని జేమ్స్ కాలహన్ ఆ బరువు కూడా ఆయన నెత్తినే పెట్టాడు. 'నీళ్లు ఆదా చేయండి, నేస్తంతో కలిసి స్నానం చేయండి' అనే నినాదం ఆ వేసవిలో బ్యాడ్జీలకూ టీషర్టులకూ ఎక్కి ఊరంతా తిరుగుతోంది. మంత్రిగారు దాన్ని తన ఇంటికి అన్వయించుకున్నాడు, అంతే.

బ్రిటన్ జనం అవస్థ మాత్రం నవ్వులాట కాదు. 1975 మే నుంచి 16 నెలల పాటు ఇంగ్లండ్, వేల్స్‌లో అంతకుముందు లెక్కలకెక్కనంత తక్కువ వాన పడింది. ఆ ఆగస్టులోనే పార్లమెంటు కరువు చట్టం చేసింది. కొన్ని ప్రాంతాల్లో ఇళ్లకు నీళ్లు ఆపేసి, వీధుల్లో కుళాయిలు నిలబెట్టారు. టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో ఒక ఇటుక వేయమన్నారు. ఇటుక ఎంత చోటు తింటే, మీట నొక్కిన ప్రతిసారీ అన్ని నీళ్లు మిగులుతాయి. ఇంతకన్నా చవకైన యంత్రం నాకు తెలిసి ఇంకోటి లేదు.

హోవెల్ కుర్చీలో కూర్చున్న కొద్ది రోజులకే వాన మొదలైంది. కాకి వాలడం, తాటిపండు రాలడం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎంత కురిసిందంటే, కరువు మంత్రి కాస్తా వరదల పని చూడాల్సి వచ్చింది. 1978-79 చలికాలంలో మంచు ముంచెత్తితే మళ్లీ ఆయన్నే పిలిచారు.

పొదుపు ప్రచారం స్నానాల గదిలో దూరడం అంతకుముందే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు మిగల్చడానికి బ్రిటన్ ప్రజలను తొట్టిలో 5 అంగుళాలు మించి వేడినీళ్లు పట్టుకోవద్దన్నారు. 1942లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు అతిథిగా వెళ్లిన అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్, అక్కడి స్నానపు తొట్టిలో ఆ కొలతకు గీసిన నల్ల గీత చూసింది. రాజుగారి తొట్టికీ గీతే. అది కరువు కాదు, ఇంధనం కొరత. కానీ ఆ గీతను మించిన ప్రకటన ఆ తర్వాత ఏ ఏజెన్సీ చేసిందో చెప్పడం కష్టం. నిజంగానే నీళ్లు కరువైన న్యూయార్క్ అయితే 1949 డిసెంబరు 16, శుక్రవారం నాడు ఎవరూ స్నానం చేయొద్దు, మగవాళ్లు గడ్డం గీసుకోవద్దు అని నగరమంతటినీ వేడుకుంది.

అమెరికాలోనే డెన్వర్ స్నానాల గదిలోంచి బయటికొచ్చి ఆలోచించింది. అక్కడ ఇళ్లు వాడే నీళ్లలో సగం దాకా పెరటి గడ్డికే పోతాయి. 2002 కరువు దెబ్బ తిన్నాక, 2006లో అక్కడి నీటి సంస్థ, సుకిల్ అనే ప్రకటనల కంపెనీతో కలిసి 'మీకు కావలసినంతే వాడండి' అనే ప్రచారం మొదలుపెట్టింది. పెద్ద హోర్డింగు అద్దెకు తీసుకుని, ఓ మూల మాత్రం ఈ మాట అంటించి, మిగతా అంతా బోసిగా వదిలేశారు. పార్కు బల్ల మీద ఒక్కరు కూర్చునేంత చోటే ఉంచారు. ఆగకుండా నీళ్లు కారే ఫ్లష్‌ను అక్కడివాళ్లు 'పరుగెత్తే టాయిలెట్' అంటారు. ఆ మాటను పట్టుకుని, టాయిలెట్ వేషం వేసిన మనిషిని ఫుట్‌బాల్ మైదానంలో పరుగు తీయించి, సెక్యూరిటీ గార్డు చేత పడదోయించారు. స్టేడియం గొల్లున నవ్వింది.

కేప్‌టౌన్‌కు వచ్చేసరికి ఆ నవ్వుకు భయం తోడైంది. వరుసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. 2017లో సాన్‌లామ్ అనే బీమా సంస్థ, క్వెస్టా, మి కాసా వంటి పేరున్న దక్షిణాఫ్రికా కళాకారుల హిట్ పాటలను రెండు నిమిషాలకు కుదించి విడుదల చేయించింది. షవర్ కింద నిలబడి పాట పెట్టుకో, పాట ఆగేలోగా కుళాయి కట్టేయ్. షవర్ నిమిషానికి పది లీటర్లు పోస్తుందనుకున్నా, పాట మొత్తానికి ఇరవై లీటర్లు. అంటే మన ఒక బకెట్. తొట్టిలో నిలబడి ఒంటి మీద నుంచి జారిన నీళ్లను పట్టి ఫ్లష్‌కు వాడమని కూడా నేర్పారు. బకెట్, చెంబుతో పెరిగిన మనకు ఈ పాఠం కాస్త నవ్వు తెప్పిస్తుంది.

నగరపాలక సంస్థ మొదట సిగ్గుపరిచే దారి పట్టింది. ఎక్కువ నీళ్లు వాడే వంద ఇళ్లు ఏయే వీధుల్లో ఉన్నాయో బయటపెట్టింది. తర్వాత ఎత్తు మార్చి, 2018 జనవరిలో పొదుపుగా వాడే ఇళ్లకు ఆకుపచ్చ చుక్కలు పెట్టిన మ్యాపు విడుదల చేసింది. అందులో ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. ఆ ఆలోచన చేసినవాళ్లకు మనుషులు తెలుసు. ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. కుళాయిలు కట్టేసే రోజుకు 'డే జీరో' అని పేరు పెట్టి, తేదీ ప్రకటించారు. ఆ రోజొస్తే 200 చోట్ల, మనిషికి 25 లీటర్లు, క్యూలో నిలబడి పట్టుకోవాలి.

తేదీ వాయిదా పడుతూ పోయి, చివరికి ఆ రోజు రానేలేదు. ఆ ఘనత అంతా ప్రకటనలకే ఇస్తే అన్యాయం. పైపుల్లో ఒత్తిడి తగ్గించడం పనిచేసింది. ఎల్గిన్ ప్రాంతపు పండ్ల రైతులు ఆ ఫిబ్రవరిలో తమ డ్యాముల్లోంచి 1,000 కోట్ల లీటర్లు నగరానికి వదిలిపెట్టారు. వాళ్ల మీద పాటలేవీ రాలేదు.

ప్రచారమంతా ఇంట్లో షవర్ ఉన్నవాళ్లతోనే మాట్లాడింది. ఖాయెలిత్షా వంటి చోట్ల రేకుల గుడిసెల్లో ఉండే జనం వాడేది నగరం నీళ్లలో ఐదు శాతం కూడా ఉండదు. వీధి చివర ఉమ్మడి కుళాయి, చేతిలో బకెట్, ముందు నలుగురు. డే జీరో వస్తే క్యూ కట్టాల్సి వస్తుందని నగరం హడలిపోతున్నప్పుడు, వాళ్లు రోజూలాగే ఆ క్యూలో నిలబడి ఉన్నారు.