మార్సాలా: ఒక రేవు పేరు

ఇటలీ వంటశాలలలో మార్సాలా అనే ద్రాక్షాసవానికి ప్రత్యేకమైన స్థానమున్నది. పలుచని మాంసపు ముక్కలను వెన్నలో వేయించి, అదే పెనములో దీనిని పోసి చిక్కబడే వరకు మరిగిస్తారు. గుడ్లలోని పచ్చసొనను చక్కెరతోను, మార్సాలాతోను కలిపి, సన్నని సెగమీద నురుగు వచ్చేటట్లు గిలకొట్టి జబల్యోనె అనే తీపి పదార్థం చేస్తారు. సిసిలీ ద్వీపపు పడమటి కొసన ఉన్న మార్సాలా పట్టణమే ఈ ఆసవానికి జన్మస్థానం.

ఆ పట్టణానికి మొదటి పేరు అది కాదు. క్రీ.పూ. 397లో సిరక్యూజు ప్రభువు డయొనీసియసు సమీపమునందలి మోత్యా నగరాన్ని ధ్వంసం చేయగా, బ్రతికి బయటపడినవారు ఇక్కడ స్థిరపడినారు. రోమనుల కాలంలో దీనిని లిలిబేయం అన్నారు. క్రీ.శ. 827లో అరబ్బులు సిసిలీపై దండెత్తి, క్రమంగా ద్వీపాన్ని ఆక్రమించిన పిమ్మట ఆ పేరు మరుగున పడినది. అరబ్బీలో 'మర్సా' అంటే రేవు. ఇంతవరకు వివాదం లేదు. తక్కిన భాగం 'అలీ' అనే పురుషనామమని కొందరు, 'అల్లా' అని కొందరు అంటారు. అది అలీ రేవో, దేవుని రేవో పండితులు నేటికీ తేల్చలేదు.

ఇక ఆసవం సంగతి. 1773లో లివర్‌పూలు వర్తకుడు జాన్ ఉడ్‌హౌస్ ఇక్కడి ద్రాక్షాసవాన్ని ఇంగ్లండుకు పంపదలచినాడు. దూరప్రయాణంలో సరకు చెడకుండా, బట్టీలో దింపిన ద్రాక్షసారాను పీపాలలో కొంత కలిపించినాడు. సారా పాలు పెరిగితే ఆసవాన్ని పులియబెట్టి పాడుచేసే సూక్ష్మజీవులు నిలువలేవు. నిలువకోసం పన్నిన ఉపాయమే కొత్త రుచికి కారణమైనది. 1800లో నెల్సన్ తన నౌకాదళానికి 500 పీపాలు తెప్పించుకొనుటకు ఒప్పందం చేసుకొన్నాడు. అంతవరకు ఇంగ్లీషువారి చేతిలోనున్న ఈ వ్యాపారంలో 1833లో విన్‌చెంజో ఫ్లోరియో ప్రవేశించి, వారికి దీటుగా నిలిచినాడు.

విచిత్రమేమంటే, మద్యాన్ని నిషేధించిన మతానికి చెందినవారి భాషలోని మాటే ఈ మద్యానికి పేరైనది. మనకిది కొత్త కాదు. మచిలీపట్టణాన్ని బందరు అంటున్నాము. పారశీకంలో 'బందర్' అన్నా రేవే. బందరు లడ్డు తినే బాలునికి పారశీక భాషతో పనిలేదు. మార్సాలా పోసి వంటచేసే సిసిలీ ఇల్లాలికి అరబ్బీతో పనిలేదు. రాజ్యాలు గతించినా, ఓడలెక్కి వచ్చిన మాటలు మాత్రం ఆ ఇళ్ళలోనే కాపురమున్నవి.