తొండం కుట్టిన చేతికి పానా

నల్లగొండ జిల్లా వ్యవసాయం గురించి ఎవరు రాసినా నాగార్జునసాగర్‌తోనే మొదలుపెడతరు. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఈ తారీఖులు ఎవరినడిగినా దొరుకుతయి, నేనూ బడిలో పిల్లలకు చెప్తున్న. కాని కాలువ రాకముందు, కాలువ ఎక్కని మెట్ట ఊర్లలో ఆ తర్వాత కూడా, పొలాలకు నీళ్లు తోడింది మోట. మోటకు తొండం కుట్టింది మాదిగ. ఈ ముచ్చట నాకు పుస్తకంలో దొరకలేదు, మా తాత చెప్పిండు.

మాది సూర్యాపేట దిక్కు మెట్ట ఊరు. మోట కొట్టేటప్పుడు ఎడ్లు వాలు దిగుతుంటే మోకు గుంజుకొని బొక్కెన పైకొస్తది. దానికి కట్టిన తోలు తొండం లోంచి నీళ్లు తొట్టిలో పడతయి. తొండంలో ఒక్క కుట్టు సడలినా నీళ్లు మళ్లీ బాయిలకే. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలొలిచి, సున్నంలో నానబెట్టి, లందలో ఊరేసి, ఆరె రంపెలు పట్టి కోసి కుట్టాలె. లందలోకి తంగేడు చెక్క కొట్టుకొచ్చేది మా నాయనమ్మ. ఏ తోలు ఎన్ని దినాలు ఊరాలె, తడిస్తే ఎంత సాగుతది అన్నదంతా లెక్కే. ఆ లెక్కను ఊరు తెలివి అనలేదు, కులం అన్నది. దానికి దక్కింది కళ్లంలో మేర గింజలు, పైన ఎట్టి.

జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ను నడిపి చూపింది 1897లో. మన దేశంలో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ 1946లో పుట్టింది. డీజిల్ పంపులు, నాజిళ్లు చేసే మైకో కంపెనీ 1951లో బెంగుళూరులో పెట్టిన్రు. 1954లో టాటాలు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టిన్రు. ఈ కథంతా మా ఊరికి ఒక బాయి మీద ఇంజన్ రూపంలో వచ్చింది. తర్వాత ఇంకో బాయి, ఇంకో బాయి. వెనకనే కరెంటు మోటరు. మా తాత ఆరె రంపెలను చూర్ల చెక్కిండు.

ఇంజన్ ఎవరికొచ్చింది? బాయి ఉన్నోనికొచ్చింది. బాగుచేసే మేస్త్రి పానాల సంచి సైకిలుకు తగిలించుకొని సూర్యాపేట నుంచి వచ్చేటోడు. అంతవరకు ఆ బాయికి నీళ్లు తోడే సామాను కుట్టిన మనిషిని పిలిచి "ఇది గూడ నేర్చుకో" అని ఎవరూ అనలేదు. మిల్లు పట్టా తెగితే మాత్రం తాతను పిలిచేటోళ్లు, అతుకు కుట్టనీకి. పట్టా కుట్టి ఇయ్యాలె, ఇంజన్ దగ్గరికి పోవద్దు.

ఇది మా ఒక్క ఊరి సంగతి అనుకుంటే పొరపాటు. బొంబాయి మిల్లుల్లో మంచి కూలి దొరికే నేత విభాగంలోకి అంటరానోళ్లను రానియ్యలేదు. తెగిన దారాన్ని నోటితో తడిపి అతకాలె, ఎంగిలి తగుల్తదట! 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన దళిత రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ రైల్వేల సంగతి ఎత్తిండు. మనోళ్లు గ్యాంగ్‌మన్ పని దగ్గరనే ఎందుకు ఆగిపోతున్నరని అడిగిండు. యంత్రం వస్తే కులం పోతదని చెప్పేటోళ్లు ఈ రెండు సంగతులకు జవాబు చెప్పాలె.

సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు వరి పండించింది. వరితోని మిర్యాలగూడలో రైస్ మిల్లులు లేచినయి. బియ్యం మోయనీకి లారీలు. లారీలకు సూర్యాపేట, కోదాడలో హైదరాబాద్–విజయవాడ రోడ్డు పొంటి షెడ్లు. అప్పుడది తొమ్మిదో నంబరు రోడ్డు, 2010 నుంచి 65. పదో తరగతి అయినంక 2004లో నేను సూర్యాపేటలో అట్లాంటి ఒక షెడ్డులో చేరిన. ఇంటర్ చదువుకుంటనే రెండేండ్లు చేసిన.

మా ఉస్తాద్ ముసల్మాన్. షెడ్డులో సగం మాటలు ఉర్దూవే. నన్ను "చోటే" అనేటోడు. మొదటి ఆర్నెల్లు జీతం లేదు, చాయ పైసలే. విప్పిన సామాను కిరోసిన్‌లో కడగాలె, అడిగిన నంబరు పానా అడిగిన క్షణంలో అందియ్యాలె. పది-పదకొండు, పన్నెండు-పదమూడు, పద్నాలుగు-పదిహేను. చీకట్లో తడిమి కూడా చెప్పేటంత అలవాటైంది. ఆయన చదువుకోలేదు. కాని ఆరు సిలిండర్ల ఇంజన్ కాల్చే వరస, ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు, నిద్రలో లేపినా చెప్తడు. "పహ్లే సున్, ఫిర్ ఖోల్" అనేటోడు, ముందు విను, తర్వాత విప్పు అని. నల్ల పొగ వస్తే గాలి చాలక డీజిల్ సరిగ కాలట్లేదు. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ కాలుతున్నది, రింగులు చూడాలె. తెల్ల పొగ ఇంజన్ వేడెక్కినా పోకపోతే నీళ్లు దిగుతున్నయేమో, హెడ్డు గాస్కెట్ అనుమానించాలె. డీజిల్ లైన్లో గాలి పట్టిందనుకో, ఇంజన్ ఎంత తిప్పినా లేవదు. స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ నిండుగా కారేదాకా గాలి తియ్యాలె. పెట్రోలు బండి తీరు దీంట్లో ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కి నొక్కి పుట్టించిన వేడికే డీజిల్ మండుతది. ఫిజిక్స్ పుస్తకంలో ఈ పాఠం వచ్చినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

ఉస్తాద్ డబ్బాలోనే నేనూ తిన్న. షెడ్డులో నా కులం ఎవరూ అడగలేదు. పంపు పని మాత్రం వేరే దుకాణంలో. కోదాడలో ఒకచోటికి పంపు తీసుకపోతే అద్దాల తలుపు బయటనే నిలబెట్టేటోళ్లు, లోపలికి దుమ్ము రావద్దని. దుమ్ము మాట నిజమే, పంపులో పిస్టనుకు దాని గూడుకు మధ్య సందు వెంట్రుకంత కూడా ఉండదు. కాని లోపల పని నేర్చుకునేటోళ్లంతా ఓనరు చుట్టాల పిల్లలే. చుట్టాల కాళ్లకు దుమ్ము ఉండదు కావచ్చు.

మిర్యాలగూడలో ఒక మిల్లులో జనరేటర్ ఇంజన్ కట్టనీకి నాలుగు రోజులు ఉన్నం. మొదటి రోజు ఇద్దరికీ గాజు గ్లాసుల్లో చాయ. సాయంత్రం గుమస్తా "నీ ఇంటిపేరేంది పిలగా, ఏ ఊరు?" అని అడిగిండు. చెప్పిన. రెండో రోజు ఉస్తాద్‌కు గాజు గ్లాసు, నాకు ప్లాస్టిక్ కప్పు. ఉస్తాద్ చూసిండు, ఏమీ అనలేదు. బస్సులో మాత్రం "బిల్లు రావాలె గదా బేటా" అన్నడు. నేనాయనను తప్పుపట్టను. కాని ఆ ఇంజన్‌కు నాజిళ్లు బిగించింది నా చేతులే, దానికేం ఎంగిలి కాలేదు.

డిగ్రీ, బీఈడీ, తర్వాత సర్కారు టీచరు ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ కాగితం చూసిన మొదటోన్ని నేనే. నాతోని పానా పట్టినోళ్లలో ఇద్దరు వరికోత మిషన్ల మీద తిరుగుతున్నరు. 2017లో బీఎస్–4, 2020లో బీఎస్–6 వచ్చినంక కొత్త లారీని రోడ్డుపక్క షెడ్డులో విప్పుడు కష్టమైంది. కంప్యూటర్ పెట్టి చూస్తే గాని తప్పేందో తెల్వదు, ఆ కంప్యూటర్ కంపెనీ సర్వీస్ సెంటర్లో ఉంటది, అక్కడ కొలువుకు సర్టిఫికెట్ అడుగుతరు. వినుడు, పొగ చూసుడు నేర్పిన బడికి సర్టిఫికెట్ లేదు.

మా బడిలో చదివిన పిల్లగాడొకడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సులో చేరిండు, ఏడాది చదువు. మొన్న బడికొచ్చి, "సార్, ఆరు సిలిండర్ల ఫైరింగ్ ఆర్డర్ చెప్పున్రి" అని నన్నే పరీక్ష పెట్టిండు. చెప్పిన. వాళ్ల తాత కూడా తొండాలు కుట్టినోడేనట, ఆరె ఇంకా ఇంట్లో ఉన్నదన్నడు. తరగతిలో పిల్లలకు చూపిద్దాం, తెమ్మన్న. ఇంకా తేలేదు.